పుట్టింటి వైపు గాలి

“ఈ గీత గీసిందెవరు?”

విమాన సంస్థ డిజైన్ విభాగంలో అందరూ తలెత్తారు. విమానంలో ప్రయాణికులు చదువుకునే పత్రిక ప్రూఫు పట్టుకుని, రూట్ ప్లానింగ్‌లో పనిచేసే యువకుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“నేనే. బాగుందా?” అంది మ్యాపులు గీసే అమ్మాయి.

“తప్పుగా ఉంది. మన విమానం ఇలా తిన్నగా వెళ్ళదు. ఉత్తరం వైపు వంగి వెళ్తుంది.”

“తిన్నగా దారి ఉండగా చుట్టూ తిరగడం దేనికండీ? పైలట్‌కి పనిలేకా?”

అతను కిటికీ దగ్గరున్న గ్లోబు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. జేబులోంచి దారం తీసి తమ ఊరికీ, గీత అవతలి కొసనున్న దూరపు నగరానికీ మధ్య బిగించి లాగాడు. దారం దానంతటదే ఉత్తరానికి జరిగింది.

“ఇలా వెళ్తే తొమ్మిది వేల కిలోమీటర్లు. మీ గీత మీద వెళ్తే ఇంకో వెయ్యి.”

“భూమి గుండ్రంగా ఉందని చెప్పడానికి మూడంతస్తులు దిగి వచ్చారా?”

“లేదు, లిఫ్టులో వచ్చాను.”

ఆమెకు నవ్వాగలేదు.

గీత మారింది. ఆ తర్వాత ప్రతి మ్యాపూ అతనికి చూపించడం ఆమెకు అలవాటైంది, చూపించనక్కర్లేనివి కూడా. వానాకాలమంతా ఇద్దరూ ఒకే గొడుగులో బస్టాపు దాకా నడిచారు. గొడుగు ఎప్పుడూ ఆమె వైపే వంగేది. అతని కుడి భుజం రోజూ తడిసేది.

ఒక సాయంత్రం, అతనికి ఆ దూరపు నగరానికి బదిలీ అయిందని క్యాంటీన్‌లో ఎవరో అనుకుంటుంటే ఆమె చెవిన పడింది. విసవిసా అతని సీటు దగ్గరికి వెళ్ళింది.

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అమ్మానాన్నల్ని వదిలి రాలేవు కదా. అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకని...”

“రాలేనని నేనన్నానా? నా బదులు కూడా నువ్వే ఆలోచించేశావా?”

“తప్పే.”

“అయితే ఇప్పుడడుగు.”

చుట్టూ కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. అతను లేచి నిలబడ్డాడు.

“నువ్వంటే నాకు ప్రాణం. పెళ్ళి చేసుకుని నాతో వస్తావా?”

“వస్తాను. కానీ ఒక్కగానొక్క కూతుర్ని అంత దూరం పంపనంటారు నాన్న. ఆదివారం వచ్చి నువ్వే ఒప్పించాలి.”

ఆమె తండ్రి ముప్ఫై ఏళ్ళు దూరప్రాంతాల బస్సులు నడిపి రిటైరైన మనిషి. ఆదివారం అతను వచ్చి కూర్చోగానే ఆయన నేరుగా విషయానికొచ్చాడు.

“కిలోమీటర్లు నాకొద్దు బాబూ. ఎన్ని గంటలు?”

“వెళ్ళడానికి పదకొండండీ. రావడానికి పది.”

“అదే దూరం, అదే బండి. గంట ఎలా తగ్గుతుంది?”

“అంత ఎత్తున గాలి ఎక్కువగా ఇటువైపే జోరుగా వీస్తుందండీ. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి. వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.”

ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

“అంటే, మా అమ్మాయి పుట్టింటికి వస్తుంటే గాలి కూడా సాయం పడుతుందన్నమాట!”

“పడుతుందండీ. సెలవు దొరికినప్పుడల్లా నేనే తీసుకొస్తాను.”

“ఏమేవ్, విన్నావా?” ఆయన వంటింట్లోకి కేకేశాడు. “అల్లుడికి కాఫీ తీసుకురా!”

వీధి మలుపు దాకా సాగనంపడానికి ఆమె వచ్చింది.

“వెళ్ళేటప్పుడు గంట ఎక్కువ కూర్చోవాలి మరి,” అన్నాడతను.

“కూర్చుంటాను. పక్క సీట్లో నువ్వుంటావుగా,” అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది.