మెషిన్ గన్‌కి చోటు కావాలి

"మెషిన్ గన్ కాల్చుకోవడానికి ఒక పూట చోటు కావాలి. అయిదుగురు పెద్దవాళ్లు కాలుస్తారు. అంతా పద్ధతి ప్రకారం, పర్మిషన్లతోనే," అంది ఇంద్రజ హిందీలో.

ఫరీదాబాద్ రోడ్డు మీద ఉన్న ఆ ప్రైవేట్ షూటింగ్ రేంజ్ కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు రిజిస్టర్‌లోంచి తలెత్తాడు. చొక్కా మీద పేరు చూసి ఇంద్రజ వెంటనే తెలుగులోకి మారింది.

"వేమూరి సాకేత్. తెలుగువాళ్లేనా?"

"హా జీ. సమఝ్ లేతా హూఁ," అన్నాడతను.

"అర్థమైతే తెలుగులోనే చెప్పండి. చోటు ఉందా, లేదా?"

అతను ఆమెని పైనుంచి కింది దాకా చూశాడు. పాతికేళ్లుంటాయి. మెడలో నోయిడా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఐడీ కార్డు, చేతిలో ఫైలు. నవ్వు ఆపుకోలేక, హిందీలోనే అడిగాడు.

"బారాత్ కోసమా? ఇక్కడ పెళ్లిళ్లలో అలవాటే కదా, గాల్లోకి కాల్చడం."

ఇంద్రజ మొహం గంభీరంగా మారింది. "ఎందుకన్నది మీకు అనవసరం."

"మేడమ్, ఈ దేశంలో సివిలియన్ మెషిన్ గన్ ముట్టుకోకూడదు. మా దగ్గర ఎయిర్ రైఫిల్, పాయింట్ టూ టూ రైఫిల్. అంతే."

"అయితే ఎవరి దగ్గర కుదురుతుందో చెప్పండి. కనుక్కునే దాకా నేను వదిలే మనిషిని కాదు."

సాకేత్ నవ్వు ఆగిపోయింది. రిజిస్టర్ ఆమె వైపు తిప్పాడు. "పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ రాయండి."

ఆమె గుండ్రని అక్షరాలతో అన్నీ సరిగ్గానే రాసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నోయిడాలో వాళ్ల ఫ్లాట్ ముందు పోలీసు జీపు ఆగింది.

తలుపు తీసింది ఇంద్రజ తల్లి కాంతమ్మ. సబ్ ఇన్‌స్పెక్టర్‌ని కూర్చోబెట్టి, అల్లం టీ ఇచ్చి, భర్తని పిలిచింది. రిటైరైన సుబేదార్ త్యాగరాజు తన ఆర్మీ డిశ్చార్జ్ బుక్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. సబ్ ఇన్‌స్పెక్టర్ రెండు పేజీలు చదివి లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. వెళ్తూ వెళ్తూ, ఫిర్యాదు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పేశాడు.

పదకొండు గంటలకి ఇంద్రజ మళ్లీ కౌంటర్ ముందు ఉంది.

"ఫోన్ చేసింది మీరేనా?"

"నేనే. ఆటోమేటిక్ ఆయుధం గురించి ఎవరు అడిగినా థానాకి చెప్పాలి. రూల్," అన్నాడు మళ్లీ హిందీలోనే.

"నన్నే అడగొచ్చు కదా, ఎందుకని?"

"అడిగాను. మీకు అనవసరం అన్నారు."

ఇంద్రజకి కోపం తగ్గలేదు. అక్కడే ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పవలసింది చెప్పింది.

త్యాగరాజు డెబ్భై ఒకటి యుద్ధంలో మెషిన్ గన్ సెక్షన్‌లో నంబర్ వన్. అంటే కాల్చేవాడు. పక్కన తూటాల పట్టీ అందించేవాడు నంబర్ టూ, శ్రీకాకుళం రామమూర్తి. ఆ సెక్షన్‌లో ఇప్పుడు మిగిలింది అయిదుగురు. డిసెంబర్ పదహారుకి ఆ యుద్ధం ముగిసి ముప్పై అయిదేళ్లు నిండుతాయని ఢిల్లీలో కలుస్తున్నారు. అందరూ టిక్కెట్లు కొనేశారు. నెల రోజుల క్రితం కంటి డాక్టరు ఒక మాట చెప్పాడు. త్యాగరాజు చూపు చుట్టూ నుంచి మూసుకుపోతోంది. ఇప్పటికే గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంది. వేసవి దాటితే అదీ ఉండకపోవచ్చు.

"ఆయన ఎప్పుడూ ఏదీ అడగలేదు. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ ఆటోలో అడిగారు. మా వాళ్లతో కలిసి ఒక్కసారి గన్ వెనక పడుకుంటే బాగుణ్ణు అని. అంతే. తర్వాత ఆ మాటే ఎత్తలేదు."

సాకేత్ రిజిస్టర్ తిరగేసి ఆమె అడ్రస్ ఒక కాగితం మీద రాసుకున్నాడు.

ఆదివారం పొద్దున మిఠాయి డబ్బాతో వాళ్లింటికి వచ్చాడు.

"అంకుల్, నేను సారీ చెప్పడానికి వచ్చింది. నువ్వు ఆర్మీ అని నాకు తెలీలేదు," అన్నాడు చేతులు జోడించి.

ఇంద్రజ చీర కొంగుతో నోరు మూసుకుంది. కాంతమ్మ వంటింట్లోకి వెళ్లి నవ్వుకుంది.

"'వచ్చాను' అనాలి. పెద్దవాళ్లని 'మీరు' అనాలి," అంది ఇంద్రజ.

"మా ఇంట్లో అమ్మ ఒక్కతే తెలుగులో తిడుతుంది. అందుకే 'నువ్వు' ఒక్కటే బాగా వచ్చు," అన్నాడు సాకేత్.

"ఉండనీయమ్మా," అన్నాడు త్యాగరాజు. ఆయనది విజయనగరం యాస. ముప్పై ఏళ్లు దేశమంతా తిరిగినా చెక్కుచెదరలేదు. "రూలు పెకారం సేసినాడు. తప్పేటుంది? కూకో బావూ. పెసరట్టు తింతావేటి?"

మూడో పెసరట్టు దగ్గర సాకేత్ అన్నాడు, "నేను కూడా వెతుకుతాను. రేంజ్‌ల వాళ్లు నాకు తెలుసు."

నవంబర్ అంతా వెతుకులాటే. ఇంద్రజ ఆఫీసు క్యాబ్ దిగగానే సాకేత్ బైక్ ఎక్కేది. రైఫిల్ క్లబ్బుల వాళ్లు నవ్వారు. పోలీసు శిక్షణ కేంద్రంలో ఒక ఆఫీసరు, మా వాళ్లకే తూటాలు చాలడం లేదన్నాడు. ఓ ఆఫీసులో ఇంద్రజ దరఖాస్తుని చదవకుండానే వెనక్కి తోశారు. ఆమె దాన్ని మళ్లీ ముందుకి తోసింది. నాలుగోసారి చదివారు. చదివి, కుదరదన్నారు.

"మీకు అలుపు రాదా?" అన్నాడు సాకేత్.

"నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఒకటే బటన్ నూటపదిసార్లు నొక్కడం నా ఉద్యోగం."

మానేసర్ దగ్గర ఒక ఫామ్‌హౌస్ యజమాని మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. వెనక గోడ చూపించి, "మెషిన్ గన్నే కదా, హో జాయేగా. పోలీసుల సంగతి నాకు వదిలేయండి," అన్నాడు.

సాకేత్ ఆమె వైపు చూశాడు. డిసెంబర్ పదహారుకి ఇంక మూడు వారాలే ఉంది. ఇంద్రజ ఆ గోడని చూసింది, దాని అవతల ఆవాల చేలో పని చేసుకుంటున్న ఆడవాళ్లని చూసింది.

"వద్దు. మా నాన్న దొంగచాటుగా కాల్చే మనిషి కాదు," అని ఫైలు మూసింది.

తిరిగి వస్తుంటే పొగమంచు రోడ్డుని మింగేసింది. సాకేత్ బైక్‌ని మెల్లగా నడుపుతున్నాడు. ఆమె చలికి అతని జాకెట్ పట్టుకుంది. ముందు పట్టుకున్నట్టు తెలియలేదు, తెలిశాక వదల్లేదు. అతనికి మాత్రం మొదటి క్షణమే తెలిసింది. సిగ్నల్ పచ్చగా మారినా బండి కదల్లేదు.

"గ్రీన్ పడింది," అంది ఇంద్రజ.

"కనబడలేదు. ఫాగ్."

వెనక లారీ హారన్ కొట్టింది. ఆ హారన్ ఆగాక సాకేత్ హఠాత్తుగా అన్నాడు, "మనం గన్ కోసం వెతుకుతున్నాం. అంకుల్ పటాలం ఇప్పుడు ఎక్కడుంది?"

మర్నాటికి తెలిసింది. ఆ పటాలం మీరట్‌లోనే ఉంది, బస్సులో రెండు గంటల దూరం.

అక్కడి కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ రంగనాథ్ వాళ్లు తెచ్చిన ఫైలు మొత్తం నిలబడే చదివాడు. "పదహారున మాకు ఫైరింగ్ ప్రాక్టీస్ ఉంది. మా పాత సెక్షన్ అతిథులుగా రావడానికి పైనుంచి పర్మిషన్ అడుగుతాను. ఈ ఫారాలు నింపి పంపండి," అన్నాడు.

ఫారంలో ఆరోగ్యం గురించి ఒక గడి ఉంది. తండ్రి ఫారంలో ఇంద్రజ ఆ గడిలో 'ఏమీ లేదు' అని రాసింది. వారం తిరక్కుండా అనుమతి వచ్చింది. ఆ కాగితం చూపించడానికి పరుగున రేంజ్‌కి వచ్చింది. సాకేత్ అనుమతి చదివాడు, కింద జత చేసిన ఫారం కూడా చదివాడు.

"కళ్ల గురించి రాయలేదు," అన్నాడు.

"రాస్తే ఒప్పుకోరు."

"రేంజ్ మీద ఇది దాచకూడదు, ఇంద్రజా. అక్కడ ఎడమ పక్కన మనుషులుంటారు, కుడి పక్కన ఉంటారు. అంకుల్‌కి పక్కలు కనబడవు. మీరు చెప్పండి."

"చెప్పను."

"అయితే నేను చెప్తాను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నెల రోజులు నాతో తిరిగి, మళ్లీ అదే ఫోనా?"

"తిరిగాను కాబట్టే ముందు మీకు చెప్తున్నాను."

ఆమె వెళ్లిపోయింది. అతను ఫోన్ చేశాడు. సాయంత్రానికి మీరట్ నుంచి కబురు వచ్చింది: అనుమతి నిలిపివేశాం, ఆలోచించి చెబుతాం.

ఇంద్రజ సాకేత్ ఫోన్ ఎత్తడం మానేసింది. మూడో రోజు తండ్రికి జరిగిందంతా చెప్పింది. తన తరఫున ఆయనకి కోపం వస్తుందనుకుంది. త్యాగరాజుకి కోపం వచ్చింది, ఆమె మీద.

"గన్ను కాడ అబద్దమాడినోడు నా సెక్షన్లో ఉంటే ఆ పూటే పంపించీసీవోణ్ని. ఆ కుర్రోడు కాదు, నువ్వు తప్పు సేసినావు. ఫోనియ్యి."

కల్నల్‌తో ఆయనే మాట్లాడాడు. చూపు ఎంత ఉందో, ఎంత లేదో, అంగుళాల లెక్కన చెప్పాడు. "దగ్గిర గన్ను నేర్పే మీ ఉస్తాద్‌ని ఒకర్ని కూకోబెట్టండి సార్. ఆడు ఆపమంటే ఆపీస్తాను. ఒద్దంటే, మా వోళ్లు కాలుస్తుంటే ఇంటాను. అది సాలు."

కల్నల్, "రండి, సాబ్," అన్నాడు.

పదహారు పొద్దున మీరట్ రేంజ్ మీద పదడుగుల అవతల ఏమీ కనిపించలేదు. అయిదుగురు ముసలి సైనికులు టోపీలు పెట్టుకుని, మెడల్స్ తగిలించుకుని బెంచీ మీద వరసగా కూర్చున్నారు. ఇంద్రజ గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. త్యాగరాజు కబురు చేస్తే సాకేత్ వచ్చాడు. దూరంగా నిలబడ్డాడు. ఆమె చూసింది, తల తిప్పుకుంది.

పదకొండున్నరకి మంచు విడింది. మైదానం చివర తెల్లటి టార్గెట్లు, రెండు పక్కలా హద్దు చూపే ఎర్ర జెండాలు బయటపడ్డాయి.

త్యాగరాజు గన్ వెనక పడుకున్నాడు. రామమూర్తి మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ పక్కన వాలి, తూటాల పట్టీ అందుకున్నాడు.

"నంబర్ టూ రెడీయేటి?"

"ముప్పై అయిదేళ్ల నుంచి రెడీగున్నానురా. కానీ."

మొదటి మోత ఇంద్రజ గుండెల్లో మోగింది. టార్గెట్ వెనక మట్టి లేచింది. రెండో మోత, మూడోది. తండ్రి భుజాలు ఆమె ఎప్పుడూ చూడనంత నిటారుగా, పడుచు మనిషి భుజాల్లా ఉన్నాయి. నాలుగో మోతకి గన్ మెల్లగా ఎడమకి జరగడం మొదలెట్టింది. ఎర్ర జెండా వైపు. ఆయనకి ఆ జెండా కనబడటం లేదు. అరక్షణంలో ఉస్తాద్ చెయ్యి ఆయన భుజం మీద పడింది. త్యాగరాజు తక్షణం ఆపేశాడు. ఉస్తాద్ గన్‌ని నెమ్మదిగా కుడికి తిప్పి, "అబ్ ఠీక్ హై, సాబ్," అన్నాడు. మళ్లీ మోత మొదలైంది, పట్టీ చివరి దాకా.

ఆ చెయ్యి అక్కడ ఎందుకు ఉందో ఇంద్రజకి తెలుసు. నేరుగా సాకేత్ దగ్గరికి నడిచింది.

"చూశారా?" అంది.

"చూశాను."

"మీరు ఫోన్ చేయకపోతే ఆ ఉస్తాద్ అక్కడ ఉండేవాడు కాదు. తప్పు నాది. ఇన్ని రోజులు మీ ఫోన్ ఎత్తకపోవడం ఇంకా పెద్ద తప్పు."

సాకేత్ జేబుల్లోంచి చేతులు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "ఎత్తితే ఒక మాట చెబుదామనుకున్నాను. హిందీలో అయితే తేలిక. కానీ మీరు తెలుగులోనే చెప్పమంటారు."

"చెప్పండి."

"మీతో ఇంకా వెతకాలని ఉంది. ఏమి వెతకాలో తెలీదు. ఏదైనా."

ఇంద్రజ అతన్ని చూసింది. తడిసిన గడ్డి మీద ఎండ పడి ఆవిరి లేస్తోంది. నెల రోజుల్లో ఎన్నో ఆఫీసుల్లో కాదనిపించుకున్న ఆమె, తన జవాబుకి మాత్రం తడుముకోలేదు.

"నాకు పర్మిషన్లు అడగడం అలవాటే. పదండి, మా నాన్నని అడుగుదాం," అని అతని చెయ్యి పట్టుకుని బెంచీ దగ్గరికి తీసుకెళ్లింది.

త్యాగరాజు మిత్రుల మధ్య కూర్చుని, మసి అంటిన వేళ్లు వాసన చూసుకుంటున్నాడు.

"నాన్నా, సాకేత్‌ని పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను," అంది మెల్లగా.

"ఏటీ? సెవులు గుయ్యిమంటన్నాయమ్మా."

"సాకేత్‌ని పెళ్లి చేసుకుంటానంటున్నాను."

"గట్టిగా సెప్పు, ఇనబడ్డం నేదు."

ఇంద్రజ గుండె నిండా ఊపిరి తీసుకుని, ఫైరింగ్ లైన్ అంతటికీ వినబడేలా ఆ మాట చెప్పింది. తూటాల ఖాళీ గొట్టాలు ఏరుతున్న జవాన్లు ఆగిపోయారు. అవతల కల్నల్ కూడా ఇటు తిరిగాడు. సాకేత్ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

త్యాగరాజు చెయ్యి చాచి సాకేత్ చేతిని వెతికి పట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మొదటిసారే ఇనబడింది," అన్నాడు రామమూర్తితో. "మనోళ్లందరూ కూడా ఇనాలని."