లోపలేమీ కట్టని గుడి

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర, సిమెంటు దుకాణం పై అంతస్తులో ఉన్న ఆ చిన్న ఆఫీసులో ఏడాదిన్నరగా దేవుళ్ల యుద్ధం నడుస్తోంది. కంప్యూటర్ ఆట. ఒక పక్క దేవతలు, ఒక పక్క అసురులు. ఆడేవాడు ముందు ఊరు కట్టాలి, పొలం దున్నించాలి, ఆ తర్వాత గుడి కట్టాలి. మగబొమ్మలు కట్టెలు కొడతాయి, రాళ్లు మోస్తాయి, కత్తి పట్టుకుని చస్తాయి. ఆడబొమ్మల్ని తెచ్చి గుడి ముందు కూర్చోబెడితే అనుగ్రహం పెరుగుతుంది. అది నిండగానే ఆకాశం నుంచి దేవుడు దిగి శత్రువుల్ని తొక్కేస్తాడు. కూర్చున్న ఆడబొమ్మ లేచి మంచినీళ్లు తాగే ఏర్పాటు మాత్రం ఆటలో లేదు. ఎందుకు లేదని మనోజ ఒకసారి అడిగితే ఆఫీసంతా నవ్వింది.

మనోజ పని ఆటలో గుళ్లు కట్టడం. మీర్‌పేట్ నుంచి రోజూ వచ్చి సాయంత్రం దాకా గోపురాలు చెక్కుతుంది. ఆడేవాడు ఎప్పుడూ పైనుంచే చూస్తాడు కాబట్టి ప్రాణమంతా పైకప్పు మీదే పెట్టాలి. లోపల ఏమీ కట్టకూడదు. కడితే ఆట బరువెక్కి మొరాయిస్తుంది. ఆమె అప్పటికి కట్టిన పదకొండు గుళ్లూ లోపల వట్టి డొల్లలే.

పన్నెండో గుడి ఆలోచన ఆఫీసు యజమాని జయపాల్‌ది. "మా పొలంల లక్ష్మమ్మ తల్లి గుడి ఉన్నది. గది పెడదాం. జర మన మట్టి వాసనొస్తది" అన్నాడు. సోమవారం తన కార్లోనే మనోజను మహేశ్వరం వైపు తీసుకుపోయాడు. కంది చేల మధ్య రాతి గది. కిటికీ లేదు. గోడలో గూడైనా లేదు. మనోజ చుట్టూ తిరిగి నాలుగు వందల ఫొటోలు తీసింది. ఆ ఫొటోలన్నిటినీ కలిపి కంప్యూటరే గుడి బొమ్మ పోతపోస్తుంది. తలుపు మూసి ఉంది. ముంజేయంత లావు ఇనుప గొళ్లెం.

"దేవత గుడికి గొళ్లెం బయటెందుకన్నా?"

"కుక్కలు పోకుంట."

"కుక్కలకు గింత గొళ్లెమా?"

జయపాల్ చెప్పులతో మట్టిపెళ్లను నలుపుతూ చెప్పుకొచ్చాడు. లక్ష్మమ్మ అతని తాతకు మరదలు, తమ్ముడి భార్య. పంతొమ్మిదేళ్లకు మొగుడు పోయాడు. దేవుడు పిలుస్తున్నాడని తనంతట తానే వెళ్లి ఆ గదిలో కూర్చుంది. మూడు రోజులకు తలుపు తీస్తే మనిషి లేదు.

"ఆమె మొగుని వాటా భూమి?"

"మా తాత చూసుకున్నడు. ఇంకెవరు చూస్తరు?" జయపాల్ గొంతులో చిరాకు. "గందుకే మా ఇంటి కోడండ్లు పెండ్లయిన మూడో ఏడు ఒక పగలంత లోపల కూసుంటరు. పొద్దుగాల పోతే దీపాలు పెట్టే యాళ్లకొస్తరు. బలవంతమేం లేదు. ఇష్టంతోటే."

"ఇష్టముంటే గొళ్లెమెందుకు?"

అతను కారెక్కి తలుపు వేసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మబ్బు కమ్మింది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద రెండు కంప్యూటర్లే నడుస్తున్నాయి. ఒకటి మనోజది, ఒకటి ఆటకు ప్రోగ్రాం రాసే సిద్ధార్థది. జయపాల్ రాలేదు. కింద దుకాణంలో ఎవరో ఇనుప చువ్వలు ఈడుస్తున్నారు. గుడి బొమ్మ ఉండాల్సినదానికి మూడింతలు బరువుంది. ఎక్కడుందీ బరువు? చూద్దామని మనోజ పైకప్పు తీసి పక్కన పెట్టింది.

లోపల గది ఉంది.

ఫొటోలన్నీ బయటివి. లోపల చీకటి తప్ప మరేమీ ఉండకూడదు. అలాంటిది సున్నం రాలిన గోడలున్నాయి. బండలు పరిచిన నేల ఉంది. తలుపు లోపలివైపు, చెక్క మీద, సన్నటి గీతలున్నాయి. నిలువుగా, నాలుగేసి కలిసి... కూర్చున్న మనిషికి చేతులందే ఎత్తులో మొదలై కింది దాకా.

ఒక మూల మోకాళ్లు ముడుచుకుని ఏదో ముద్ద. కళ్లూ ముక్కూ తేలలేదు. జడ మాత్రం తెలుస్తోంది.

"సిద్ధూ, నా గుడిల చెయ్యి పెట్టింది నువ్వేనా?"

"నాకేం పని లేదా? నా బగ్గులే నాకు తెమల్తలేవు."

"నవ్వులాట కాదు. లోపల మనిషిని కూసోబెట్టినవ్."

సిద్ధార్థ కుర్చీ జరుపుకుంటూ వచ్చి చూశాడు. అతని ముఖంలో దొరికిపోయిన కళ కోసం మనోజ వెతికింది. దొరకలేదు. ఫైలును ఆఖరుసారి మార్చింది నిన్న సాయంత్రం, ఆమె పేరు మీదే. మరి ఎవరు? జయపాలా? తన ఇంటి గుడి గుట్టు తానే ఎందుకు తెచ్చి ఇందులో పెడతాడు?

ఆమె ఆ ముద్దను చెరిపేసింది. ఫైలు మూసి మళ్లీ తెరిచింది.

ఇద్దరున్నారు.

జడ మనిషి మళ్లీ మూలనే ఉంది. రెండో మనిషి తలుపును ఆనుకుని ఉంది. ఒక చెయ్యి గొంతు మీద, ఇంకో చెయ్యి నోటికి అడ్డం. ఆఫీసు గదిలో ఎక్కడి నుంచో తడిసిన పసుపు, మూత్రం కలిసిన వాసన... స్పీకర్లు ఆపే ఉన్నాయి. అయినా గోకుతున్న చప్పుడు. గర్ర్... ఆగి, మళ్లీ గర్ర్...

అలా గొంతు పట్టుకుని కూర్చునే మనిషి మనోజకు ఒక్కతే తెలుసు. జయపాల్ భార్య మౌనిక. ఆటలోని అడవులన్నీ మౌనికే గీసింది. ఎదురు కుర్చీలో కూర్చుని చెట్టు చెట్టుకీ ఒక పిట్టను పెట్టేది. కిందటేడు సంసారం చూసుకొమ్మని జయపాల్ మాన్పించాడు. మూసిన చోట ఆమెకు ఊపిరాడదు. లిఫ్టెక్కదు. బాత్రూం తలుపు కూడా ఓరగానే వేసుకునేది. ఒకసారి స్టోరు రూంలో తలుపు గడియ పడిపోతే పది నిమిషాలకే పెదాలు నీలమై, దవాఖానకు మోసుకుపోవాల్సి వచ్చింది.

"జయపాలన్న ఎందుకు రాలేదియ్యాల?"

"మౌనికొదినెది మూడో ఏడు మొక్కు కద. పొద్దుగాలనే పొలం కాడికి పోయిన్రట."

మనోజ మౌనికకు ఫోన్ చేసింది. రెండోసారికి ఎత్తింది జయపాల్. "లోపలికి ఫోన్లు తీస్కపోవద్దు" అన్నాడు. అతని మాట వెనక, దూరంగా, అదే గోకుడు.

"బండి తియ్ సిద్ధూ."

"మనోజక్కా, నౌకరీ..."

"మనిషి చచ్చినంక నౌకరీ ముచ్చట మాట్లాడుదాం. తియ్."

చినుకుల్లో చేల గట్టు మీద బండి ఆగేసరికి గుడి ముందు ప్లాస్టిక్ కుర్చీలో జయపాల్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒళ్లో రెండు ఫోన్లు. గుడిలో ఏ చప్పుడూ లేదు. మనోజ దిగి నేరుగా తలుపు దగ్గరికి నడిచింది.

"తలుపు తియ్యన్నా."

"ఇంక రెండు గంటలున్నది. మా ఇంటి విషయం, నీకేంది?"

"ఆమెకు ఊపిరాడదని నీకెరుకలేదా?"

"అందరూ మొదట్ల గట్లనే కొట్టుకుంటరు. తర్వాత నిమ్మళమైతరు."

ఆ 'అందరూ' విన్నాక సిద్ధార్థ బండి దిగాడు. మనోజ గొళ్లెం పట్టుకుంది. జయపాల్ లేచి ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. "ఆడిదానివని ఊకుంటున్న..."

అప్పుడు లోపలి నుంచి నవ్వు వినిపించింది. కేకలు కాదు, ఏడుపు కాదు. ఇద్దరు ఆడవాళ్లు ఏదో ముచ్చట చెప్పుకుని, పెద్దవాళ్లు వింటారేమోనని నోరు మూసుకుని నవ్వే నవ్వు.

ఇద్దరు.

జయపాల్ చెయ్యి జారిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి, కుర్చీ తగిలి అందులో కూలబడ్డాడు. మనోజ గొళ్లెం లాగింది.

మౌనిక గడప లోపలే కూర్చుని ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది కానీ ఊపిరి నింపాదిగా ఉంది. ఆమె వెనక ఖాళీ గది. మూలన ఎవరూ లేరు. తలుపు లోపలివైపు, గీతలుండాల్సిన చోట, పై నుంచి కింది దాకా కొత్త రేకు కొట్టి ఉంది.

"లే మౌనీ. పోదాం."

"గంతలోనే వచ్చినవా?" అంది మౌనిక.

జయపాల్ కుర్చీలోంచి లేవలేదు. భార్య తనను దాటిపోతుంటే ఆమె వంక చూడలేదు. ఆమె వెనక, మనిషి ఎత్తులో, దేన్నో చూస్తూ తల తిప్పాడు.

బండి మీద సిద్ధార్థ, మధ్యలో మౌనిక, వెనక మనోజ. వాన పెరిగింది. సాగర్ రోడ్డు ఎక్కాక మనోజ చూసింది. మౌనిక కుడి చేతికి నల్లటి సన్న గాజులు. ఏడు. చంటిపిల్ల చేతికి సరిపోయేంత చిన్నవి. సబ్బు రాసి ఎక్కించినా మూడు వేళ్లు దూరవు. అలాంటివి మణికట్టుకు కరుచుకుని ఉన్నాయి.

"గివెక్కడివి మౌనీ?"

"తొడిగింది."

"ఎవరు?"

"చీకట్ల మొకం కనవడలే. ఎముకలు మెత్తవడేదాంక చెయ్యి వత్తింది. జరసేపే నొచ్చింది." మౌనిక చిన్నగా నవ్వింది. "తర్వాత ఊపిరి మంచిగాడింది మనోజా. ఎన్నడాడనంత మంచిగ... ఇంకో చెయ్యి మిగిలింది. గంతల నువ్వు తలుపు తీసినవ్."

ఆమె ఎడమ చెయ్యి బండి పక్కన గాలిలో వేలాడుతోంది. మనోజ చూస్తుండగానే ఆ వేళ్లు మెల్లగా దగ్గరికొచ్చాయి. గాజులమ్మే మనిషి ముందు చాపినట్టు, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది.

మనోజ ముందుకు వంగి ఆ చేతిని లాక్కుని, తన రెండు చేతుల మధ్య అదిమి పట్టుకుంది. వదలకూడదు... ఆఫీసు దాకా వదలకూడదు.

మౌనిక కుడి చెయ్యి సిద్ధార్థ భుజం మీదే ఉంది. ఈ ఎడమ చెయ్యి వానకు మంచుగడ్డలా ఉంది. పై నుంచి వచ్చి ఆనిన మరో చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది. అది తొందరపడలేదు. మనోజ వేలి కణుపును వెతికి పట్టుకుని, నొప్పి తెలియకుండా, మెల్లగా వత్తడం మొదలుపెట్టింది.