అత్తగారూ, దారి వదలండి!

పొద్దున్నే అరటికాయలు చెక్కుతోంది నబుకీరా. తెర అవతల అల్లుడి మంచం ఒకటే కిర్రుకిర్రుమంటోంది. అల్లుడు ముసిసి పనసచెట్టు మీంచి పడి, వెన్నుపాము దెబ్బతిని, నడుం కింద కదలిక లేకుండా ఏడాదిగా ఆ మంచం మీదే ఉన్నాడు.

కూతురు నకిత్తో తెర తోసుకుని వచ్చింది. "అమ్మా! ఆయన కాలు గజగజా వణుకుతోంది. నిన్న ముట్టుకున్నావా?"

నబుకీరా ముట్టుకున్న మాట నిజమే. వెదురు కర్రలు పట్టుకుని లేవబోయి అతను పడిపోతుంటే, ఇంట్లో మరెవరూ లేక, తెర దాటి వెళ్ళి పట్టుకుంది. అల్లుడు ఎదురొస్తే అత్త దారి వదిలి చాటుకు పోవాలి. తాకితే వణుకురోగమే. ఈ సంగతి బుగాండాలో ఎవరికి తెలియదు?

"తల పగులుతుందని భయమేసిందే!"

"వండిపెట్టమని పిలిస్తే కొంప ముంచావు కదమ్మా! కాళ్ళు పోయింది చాలక ఇప్పుడీ రోగమా?"

నబుకీరా బట్టలు మూట కట్టుకుంది. తన చేతులంటే తనకే అసహ్యం వేసింది.

"అత్తగారూ, మూట దించండి!" తెర వెనక నుంచి ముసిసి అరిచాడు. "నకిత్తో, ఇలా రా. బొటనవేలు చూడు. ఎత్తుతున్నా... దించుతున్నా... మళ్ళీ ఎత్తనా?"

తెర ఇవతల నబుకీరా మూట దించి చెవి ఒగ్గింది.

"కదిలింది! అమ్మా, కదిలిందే!"

"వణుకు దానంతటది వస్తోంది. ఇది నేను చెబితేనే కదులుతోందే పిచ్చిమొహమా! ఆసుపత్రిలో కనిపెట్టి చూడమన్నది దీనికోసమే. నిన్న మీ అమ్మ పట్టుకోకపోతే చూడ్డానికి నేనుండేవాణ్ణా?"

నకిత్తో వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. "పో, నీ నోరు పాడుగాను," అంటూ నబుకీరా ఆమె తల నిమిరింది. మూట విప్పేసింది.

వానలు వెళ్ళి మళ్ళీ వానలొచ్చాయి. వేలు తర్వాత మడమ, మడమ తర్వాత మోకాలు. ఒక పొద్దున గడపలో అరటికాయలు చెక్కుతుంటే తెర వెనక కర్ర తాటించిన చప్పుడు, కాలు ఈడ్చిన చప్పుడు. మళ్ళీ కర్ర. నబుకీరా చెక్కడం ఆపింది. చచ్చిందనుకున్న కాలు మట్టినేల మీద నడిచి వస్తోంది!

"అత్తగారూ, వస్తున్నా! దారి వదలండి!"

"అయ్యయ్యో, వదిలా నాయనా, వదిలా!"

కత్తి ఒకచోట, కాయలు ఒకచోట పారేసి, కొంగు మొహాన కప్పుకుని అరటితోటలోకి పరుగెత్తింది. ఏడాది పైగా ఆ ఇంట్లో ఆమె దారి వదలాల్సిన అవసరమే రాలేదు. ఆకుల చాటున నిలబడి, ఏడుస్తూ నవ్వుతూ, అల్లుడు గడప దాటే చప్పుడు వింది.