ఏసీ కన్ను మీద బొట్టుబిళ్ల

ఆ విల్లాకి ఒకే నెలలో మూడోసారి వెళ్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. ప్రపంచకప్‌కి ఇంకా ఆరు నెలలుంది. దోహా అంతా తవ్వి పెట్టారు. వ్యాను దిగి గేటు చేరేసరికే చొక్కా తడిసి ముద్దయింది.

నేను ఏసీ మెకానిక్‌ని. కంప్లైంట్ మళ్ళీ అదే, రిమోట్ పనిచేయడం లేదట.

తలుపు తీసింది శివకుమారి. ఆ ఇంటి పెద్ద మేడమ్‌ని చూసుకునే అమ్మాయి, రాజోలు వైపు మనిషి. మేడమ్‌కి మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు గదిలో ఒక్క లైటూ మిణుకుమనకూడదు. అందుకని ఈవిడ టీవీ ఎర్రలైటుకీ, వైఫై పెట్టె పచ్చలైట్లకీ ఊరినుంచి తెచ్చుకున్న బొట్టుబిళ్లలు అంటించింది. గది నిండా ముత్తయిదువలే. ఏసీకి మాత్రం లైటుతోపాటు రిమోట్ సిగ్నల్ అందుకునే నల్లటి కన్ను కూడా మూసేసింది.

మొదటిసారి ఓపిగ్గా చూపించాను. రెండోసారీ చూపించాను. ఇప్పుడు స్టూలెక్కి చూస్తే రూపాయంత బిళ్ల, సరిగ్గా ఆ కన్ను మీదే.

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు? లైటు మీద పెట్టు, కన్ను మీద పెట్టకు అన్ననా లేదా?"

"అన్నారండి."

"మరి?"

"మర్చిపోయానండి," అంది నవ్వాపుకుంటూ.

నాకు తిక్క రేగింది. "నవ్వు, మంచిగ నవ్వు. ఒక్క ఇంటికెల్లి మూడు కంప్లైంట్లొస్తే పని రానోడని రాసుకుంటరు మా కంపెనీల. అందుకే రేపట్నుంచి నాకు ఎనభై కిలోమీటర్ల అవతల, దుఖాన్ ఊర్ల డ్యూటీ. ఇగ ఈ దిక్కు రాను."

ఆమె ముఖం పాలిపోయింది. "మొదటిసారి తెలీక అంటించానండి. తరవాత రెండుసార్లూ తెలిసే అంటించాను. మీరు రావాలంటే నాకింకేం దారుంది?"

స్టూలు దిగడం మర్చిపోయాను. నిజం చెప్పొద్దూ, ఆ ఇంటి కంప్లైంట్ ఇంకొకడికిస్తే నేనూ ఊరుకునేవాణ్ణి కాదు.

ఆమె అప్పటికే లోపలికి నడుస్తోంది.

"యాడికి?"

"మేడమ్‌తో చెప్పేస్తాను."

"పిచ్చా నీకు? నౌకరి పోతది."

"పోతే పోనివ్వండి భూమేష్ గారూ. తప్పు నాదైతే శిక్ష మీకా?"

స్టూలు దిగి తలుపు దాకా పరిగెత్తాను. లోపల ఆమె వచ్చీరాని అరబీ, మేడమ్ గద్దింపు వినిపించాయి. కాసేపటికి మేడమ్ కర్ర ఆనించుకుంటూ వచ్చింది. ఏసీని చూసింది, నన్ను చూసింది, తలొంచుకున్న శివకుమారిని చూసింది. ఫోన్ తీసి మా సూపర్‌వైజర్‌ని పిలిచింది. తప్పు మా పిల్లది, ఈ అబ్బాయి పని బాగా చేశాడు, దుఖాన్ డ్యూటీ ఖలాస్ అని చెప్పింది. పెట్టేశాక, ఇంకోసారి ఏసీ ముట్టుకుంటే ఊరికి పంపిస్తానని శివకుమారికి వేలు చూపింది. వేలే కోపంగా ఉంది, కళ్ళు నవ్వుతున్నాయి.

గుమ్మం దగ్గర మెల్లగా అడిగాను. "ఇగ ఏసీ చెడిపోదు. నేనెట్ల రావాలె?"

"మీరు రావద్దండి. శుక్రవారం నాకు సెలవు. మీ క్యాంపు పక్కన ఏషియన్ టౌన్ బజారుకి నేనే వస్తాను." చెప్పులు చూసుకుంటూ ఆగింది. "ఊళ్ళో మీ అమ్మగార్ని ఆ రోజు ఫోన్ దగ్గరే ఉండమనండి. మన సంగతి నేనే చెబుతాను."