స్టీరింగు మీద బొటనవేలు

సందు చివర ఉన్న మా తాత కారు షెడ్డు ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడిచేవారు కాదు. రెండు వీధులు చుట్టు తిరిగైనా వెళ్ళేవారు కానీ… అటు మాత్రం కాదు.

పన్నెండేళ్ళ కిందట తాత ఆ కారులోనే, స్టీరింగు పట్టుకునే పోయాడు. వేళ్ళు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చిందట. అప్పటినుంచీ ఒకటే మాట — ఆ చక్రం మీద ఎవరు చెయ్యి వేసినా, ఇంకో చెయ్యి వచ్చి పట్టుకుంటుందని. ఒక డ్రైవరు ముట్టుకున్నాడు, వారం తిరక్కుండా మణికట్టు విరిగింది. అతను తాగి మెట్ల మీంచి పడ్డాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. దెయ్యానికి పేరు రావాలంటే కొన్ని సంగతులు మర్చిపోవాలి మరి.

మిగతాది మా మేనత్త నాకు చెప్పింది.

అత్త పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసి ఇస్తుంది. నాయనమ్మా ఆవిడా ఇద్దరే ఒక ఇంట్లో ఉంటారు. ఒకరోజు మా పెదనాన్న, అంటే అత్తకి అన్నయ్య, వచ్చి కారుని పాత ఇనుముకి ఇచ్చేస్తున్నానన్నాడు.

"నాన్న బండిని తుక్కుకి ఇస్తావా అన్నయ్యా?"

"ఆదివారం పొద్దున లారీ వస్తుంది. ఆ లోపల ఆ స్టీరింగు పట్టుకుని బండి బయటికి తియ్యి, నీదే. తీయగలవా?"

"తీస్తాను."

"నీ మొండితనం తగలెయ్య!" అని పెదనాన్న చెప్పులేసుకున్నాడు.

మెకానిక్కు రెండు రోజులు కూర్చుని ఇంజన్ని లేపాడు. స్టీరింగు దగ్గరికి వచ్చేసరికి చేతులు జోడించాడు. అది నిండా బీటలు వారి, పెచ్చులు రాలుతోంది. "ఇంజనుతో నాకు పేచీ లేదమ్మా… దీన్ని మాత్రం ముట్టుకోను."

సరే, నేనే ముట్టుకుంటానంది అత్త. ఆ సాయంత్రం టార్చిలైటు పట్టుకుని ఒక్కతే షెడ్డులోకి వెళ్ళింది. నట్టు విప్పింది. రెండు చేతులా లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది… అవతల ఎవరో పట్టుకున్నట్టే ఉంది. ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"నాన్నా… వదులు!"

చక్రం ఊడి ఒళ్ళో పడింది.

అది ఇంట్లోకి రాగానే నాయనమ్మ మొహం పాలిపోయింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

అత్తకి పిప్పిపన్ను ఎంతో బీటా అంతే. ఒక్కొక్క బీటనీ సన్నటి ఆకురాయితో గీకి, శుభ్రం చేసి, రెండు రకాల జిగురు ముద్దలు కలిపి కూరింది. ఆ ముద్ద రాత్రంతా ఆరి తెల్లారేసరికి రాయి అవుతుంది. చక్రం ఎడమ పక్క చిన్న గుంటొకటి కనిపించింది. పన్ను అరిగినట్టే ఉందని దాన్నీ పూడ్చేసింది.

తలుపు సందులోంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "ఆ గుంట పూడ్చకే…"

"ఏం, నాన్న కోప్పడతాడా?"

తలుపు మూసుకుంది.

పొద్దున లేచి చూస్తే — బీటలన్నీ గట్టిపడ్డాయి. గుంట మాత్రం మళ్ళీ గుంటే. దాని మధ్యలో… ఒక బొటనవేలి ముద్ర.

అత్త పళ్ళు కొరికి మళ్ళీ పూడ్చింది. ఆ రాత్రి వీధి తలుపుకి గడియ పెట్టి, తాళం కూడా వేసింది. తెల్లారింది. తాళం తాళంలాగే ఉంది… ముద్ర మాత్రం ఇంకా లోతుగా దిగింది.

ఇంకొకళ్ళయితే చక్రం తీసుకెళ్ళి పెదనాన్న గుమ్మంలో పడేసేవాళ్ళు. మా అత్తకి ముద్ర కనిపిస్తే అచ్చు తీయకుండా చెయ్యి ఊరుకోదు. ప్లాస్టరు కలిపి ఆ గుంటలో పోసింది. పావుగంటకి ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది.

తెల్లటి బొటనవేలు. సన్నది.

తాత వేళ్ళు అరటికాయల్లా ఉండేవి. ఇది ఆయనది కాదు. మరి ఎవరిది…? ఒకటి చాలదన్నట్టు రెండో దెయ్యమా! ఆదివారానికి ఇంక రెండు రోజులే ఉన్నాయి. అత్తకి భయం కంటే ఉక్రోషమే ఎక్కువైంది.

"ఎవరైనా సరే, ఈ రాత్రి తేలిపోవాలి."

గుంట మళ్ళీ పూడ్చింది. దీపాలన్నీ ఆర్పి, చక్రం పెట్టిన బల్ల పక్కనే నేల మీద కూర్చుంది. పన్నెండు దాటింది. ఎక్కడా చప్పుడు లేదు. ఆ తర్వాత… మెత్తటి అడుగులు. తెల్లగా ఏదో కదిలింది. చీకట్లో ఒక చెయ్యి, తడుముకోకుండా, తిన్నగా చక్రం మీదికి వచ్చింది —

అత్త ఎగిరి ఆ మణికట్టు పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"వదలవే… నేనే."

నాయనమ్మ.

"అమ్మా! నువ్వా? ఎందుకిలా?"

నాయనమ్మ అత్త పక్కనే నేల మీద కూర్చుంది. తర్వాత గుసగుసగా అంది. "మీ నాన్నకి రేచీకటి ఉండేదే. పొద్దు వాలితే ఎదురుగా ఏనుగున్నా కనపడేది కాదు. నలుగురికీ తెలిస్తే నవ్వుతారని… ఇళ్ళు దాటాక నేను మారి కూర్చునేదాన్ని. ఇరవై ఏళ్ళు రాత్రిపూట బండి నేనే నడిపాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"మరి ఆ రోజు…"

"ఆ రోజు నాకు జ్వరం. ఒక్కడే వెళ్ళాడు. చీకటి పడిపోతే రోడ్డు పక్కన ఆపుకుని, గుండె ఆగి, స్టీరింగు అలాగే పట్టుకుని…" నాయనమ్మ బొటనవేలు గుంట మీదికి వెళ్ళింది. "ఆ గుంట నా వేలిదే. ఇరవై ఏళ్ళకి పడింది. నువ్వు ఒక్క పూటలో పూడ్చేస్తుంటే ప్రాణం ఒప్పుకోలేదు."

అత్త ఆ చెయ్యి పట్టుకునే ఏడ్చింది. ఏడ్చి, లేచి, ఆరని ముద్దని గోటితో గీకి పారేసింది. శనివారమంతా ఉప్పుకాగితంతో రుద్ది, రెండు పూతలు నల్ల రంగు వేసి, ఫ్యాను కింద వేలాడదీసింది. గుంట జోలికి మాత్రం పోలేదు. తెల్లారకముందే తీసుకెళ్ళి బండికి బిగించింది.

ఆదివారం లారీ వచ్చి షెడ్డుకి అడ్డంగా నిలబడింది. వీధిలో సగం జనం దూరంగా నిలబడ్డారు.

"ఏదీ, ఎక్కు చూద్దాం," అన్నాడు పెదనాన్న.

అత్త డ్రైవరు తలుపు తీసి పక్కకి జరిగింది. నాయనమ్మ కొంగు నడుముకి దోపి ఎక్కి కూర్చుంది. ఇంజను మోగింది.

"అమ్మా! దిగు ముందు! అది నాన్న స్టీరింగు!" అని పెదనాన్న అరిచాడు.

నాయనమ్మ అద్దం దించింది. ఇచ్చిన మాట ఆ క్షణాన తీసి గట్టున పెట్టి, వీధంతా వినేలా అంది.

"పగలు మీ నాన్నదిరా, రాత్రి నాది. ఇప్పుడు పగలూ రాత్రీ నాదే. ఆ లారీని అడ్డం తీయమను."

లారీ వెనక్కి కదిలింది.