ఎర్రగుంట కాజ్‌వేకు ఇద్దరి అప్రూవల్

గోపీకృష్ణ చాయ్ సగం కూడా తాగలేదు.

నల్లగొండ గడియారం సెంటర్ పక్క సందులో చిన్న హోటల్. బయట వాన. అతను మూలబల్ల దగ్గర కూర్చుని లాప్‌టాప్‌లో గబగబా టైప్ చేస్తున్నాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు వేషంలో, చేతిలో స్టీలు టిఫిన్ క్యారియర్‌తో ఎస్తేరు వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"బత్తాయి రేటెట్ల నడుస్తుందన్నా?"

"తోటల ఒక తీరు, మార్కెట్ల ఒక తీరు."

కోడ్ సరిపోయింది. ఎస్తేరు కూర్చుంది. సెక్షన్ సెవెన్ అనే రహస్య నిఘా విభాగం రికార్డుల్లో ఆమె పేరు ఏజెంట్ బత్తాయి. ఊరు చిట్యాల. పత్తి ఏరిన కూలితో తల్లి జానమ్మ చదివిస్తే, ఆ ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషి.

"నేను తప్పు చేసిన మేడం," అన్నాడు గోపీకృష్ణ. "ఇయ్యాల పొద్దుగాలే దొరికింది. ఎర్రగుంట కాజ్‌వే..."

అంతే. గొంతు పట్టుకున్నాడు. గ్లాసు కిందపడి పగిలింది. తల కీబోర్డు మీద వాలిపోయింది. ఎస్తేరు మెడ దగ్గర వేలు పెట్టి చూసింది. నాడి లేదు. చాయ్ తెచ్చి పెట్టిన మనిషి కూడా లేడు. వంటగది వెనక తలుపు గాలికి కొట్టుకుంటోంది.

ఆమె లాప్‌టాప్ తీసుకుని బయటికి నడిచింది. మెట్ల కింద నిలబడి క్యారియర్ అడుగు గిన్నె తిప్పింది. శాటిలైట్ మోడెమ్ మీద చిన్న దీపం వెలిగింది. చీఫ్ కృష్ణయ్య లైన్లోకి వచ్చాడు.

"రిపోర్ట్."

"గోపీకృష్ణను చంపేశారు సార్. బ్లూ నీడిల్ ముఠా పనే. చనిపోయేముందు 'బాటసారి' ప్రాజెక్టులో తప్పుందని ఇష్యూ ఒకటి రాసి పెట్టాడు. వాగు దాటే ఎర్రగుంట కాజ్‌వే మునిగినా, మన మ్యాప్ మాత్రం దారి తెరిచే ఉందని చూపిస్తోందట."

అవతల చీఫ్ కుర్చీలోంచి లేచిన చప్పుడు. ఎందుకో ఎస్తేరుకు తెలుసు.

బాటసారి ఒక ఓపెన్ సోర్స్ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్. కోడ్ ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్పు ప్రతిపాదించవచ్చు. విదేశీ సర్వర్ల అవసరం లేదని సెక్షన్ సెవెన్ తన బండ్లన్నింటిలో దాన్నే పెట్టుకుంది. ఆ ఉదయం మహబూబ్‌నగర్ నుంచి ఒక వ్యాన్ నల్లగొండ కోర్టుకు బయల్దేరింది. అందులో ఉన్నది కురుమయ్య, రిటైర్డ్ రాడార్ టెక్నీషియన్. బ్లూ నీడిల్ ముఠా మనుషుల ముఖాలు చూసి బతికున్న ఒకే ఒక్క సాక్షి.

వ్యాన్ నడుపుతున్నది డానియల్. ఎస్తేరు తమ్ముడు.

"కల్వకుర్తి దాటాక మెయిన్ రోడ్డు మీద ట్యాంకర్ అడ్డం పడిందని ఇప్పుడే కబురు," అన్నాడు చీఫ్. "యాక్సిడెంట్ అనుకున్నాను."

"కాదు సార్. బండిని కాజ్‌వే వైపు తోలుతున్నారు. డానియల్‌ను ఆపండి."

"ఎలా? రహస్యం కోసం వాళ్ల ఫోన్లు సీల్ చేశాం. అవతలి పోలీస్ స్టేషన్ వాళ్లంతా ట్యాంకర్ మంటల దగ్గరున్నారు. వ్యాన్‌లో ఉన్నది ఆ టాబ్లెట్ ఒక్కటే. అది శాటిలైట్ నుంచి మ్యాప్ అప్‌డేట్ అందుకుంటుంది. మనం మాట్లాడితే వినదు."

"అయితే అప్‌డేటే పంపాలి."

"పంపు! సర్వర్ ఎక్కడుందో చెప్పు, మనుషుల్ని తోలుతాను."

"మనుషులతో కాదు సార్. ప్రాజెక్టు సంతకం లేని అప్‌డేట్‌ను టాబ్లెట్ తీసుకోదు. కోడ్ బాగోగులు చూసే మెయింటెయినర్లలో ఇద్దరు అప్రూవ్ చేస్తేనే ఆ సంతకం పడుతుంది. ఉన్నది ముగ్గురు. ఒకాయన ఇప్పుడే పోయాడు."

"మిగతా ఇద్దరికీ ఆర్డరివ్వు!"

"వాళ్లు మన జీతం తీసుకోరు సార్. వాలంటీర్లు."

చీఫ్ పళ్లు నూరిన చప్పుడు వినిపించింది. "ఒకరు నవనీత. నీకు తెలియదు, బ్లూ నీడిల్‌లో మనం రహస్యంగా పెట్టిన మనిషి. నల్లగొండలోనే ఉంది. బండి తీసుకుని వస్తుంది. రెండోవాడి సంగతి నువ్వు చూసుకో."

నవనీత వచ్చింది. తెల్లటి ఎస్‌యూవీ, జరీ మెరిసే నారాయణపేట చీర, అంత వానలోనూ నల్ల కళ్లద్దాలు. సాగర్ ఒడ్డు రిసార్టుల్లో మ్యాపింగ్ పార్టీలు పెట్టి కాలేజీ పిల్లలకు జీపీఎస్ పరికరాలు పంచే నవనీత అంటే రెండు జిల్లాల్లో తెలియని ప్రోగ్రామర్ లేడు.

"ఎక్కు ఎస్తేరు. దేవరకొండ రోడ్డేగా?" నవ్వింది. సెంటు వాసన బండంతా కమ్ముకుంది.

ఎస్తేరు ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కోడ్‌లోకి దిగింది. తప్పు చూపుకు చిన్నదే. ఎర్రగుంట చెరువులో నీటిమట్టం పన్నెండు అడుగులు దాటితే కింద కాజ్‌వే మునుగుతుంది. ఇరిగేషన్ వాళ్లు మట్టాన్ని అడుగుల్లో రాస్తారు. బాటసారి దాన్ని మీటర్లలోకి మార్చుకుని, మునిగిన దారిని మూసేస్తుంది. కిందటి నెల 'నీలికొంగ' పేరుతో ఎవరో ఒక ఇంప్రూవ్‌మెంట్ పంపారు. అడుగులను మీటర్లు చేసే లైను. చూడ్డానికి ఎంతో సాయం చేసినట్టే ఉంది. కానీ ఆ పని చేసే లైను లోపల అప్పటికే ఉంది. ఇప్పుడు లెక్క రెండుసార్లు మారుతోంది. నాలుగు మీటర్ల నీళ్లు మ్యాప్‌లోకి వచ్చేసరికి మీటరు పైచిల్లర.

ఒక్క లైను తీసేస్తే చాలు. తీసేసింది. ప్రాజెక్టులో తన పేరుతోనే కొత్త అకౌంట్ తెరిచి మార్పును సబ్మిట్ చేసింది. "బండి నడుపుతున్నా, ముందు రెండోవాడి అప్రూవల్ రానీ," అంది నవనీత. ఎస్తేరు మూడో మెయింటెయినర్‌కు ఫోన్ కొట్టింది. పేరు విజేందర్. హాలియాలో తండ్రి ఎరువుల దుకాణంలో కూర్చుంటాడు.

"చూసిన మేడం," అన్నాడు విజేందర్. వెనక ఎవరో యూరియా బస్తా బేరం చేస్తున్నారు. "అకౌంట్ ఇయ్యాల్నే తెరిచిండ్రు. టెస్ట్ లేదు. నేను అప్రూవ్ చెయ్య."

"మనిషి ప్రాణం మీదికొచ్చిందన్నా."

"గట్లనే అంటరు అందరు. పోయిన నెల గా నీలికొంగాయన గూడ రైతుల పానాల మీదికొచ్చిందన్నడు. నేను ఊళ్లె లేని పొద్దు చూసి ఎక్కిచ్చిండ్రు. ఇప్పుడు మీరు తప్పంటుండ్రు. ఎవల్ని నమ్మాలె? చెరువుల నీళ్లెన్నున్నయో ఫోటో పెట్టుండ్రి. గా అంకెతోని టెస్ట్ రాయుండ్రి. పాసయితే చేస్త. లేకుంటే మా బాపు చెప్పినా చెయ్య."

తానెవరో చెప్పే వీల్లేదు. చెప్పినా ఆ మనిషి వినడు. ఎస్తేరుకు ఏడుపొచ్చింది. అదే సమయానికి ఫోన్ మోగింది. జానమ్మ.

"బిడ్డా, తమ్ముడు ఫోనెత్తుతలేడు. నీకేమన్న చేసిండా?"

"డ్యూటీల ఉన్నడమ్మా. ఫికర్ చెయ్యకు."

"గా నౌకరి నువ్వే పెట్టిచ్చినవు గదా. అక్క ఉన్నదన్న ధైర్నంతోనే తోలిచ్చిన. జర చూసుకో."

ఎస్తేరు ఫోన్ పెట్టేసింది. నిన్న రాత్రి తమ్ముడికి చెప్పింది తనే. టాబ్లెట్ ఏ బాట చూపిస్తే ఆ బాటే పట్టు, సొంత తెలివి వాడొద్దని. వాడు అక్క మాట జవదాటడు.

ఎర్రగుంట కట్ట మీద బండి ఆగింది. ఎస్తేరు వానలో తూము దాకా పరుగెత్తింది. నీటిమట్టం చూపే గేజీ రాయి పద్నాలుగు అడుగుల దాకా మునిగి ఉంది. ఫోటో తీసింది. కట్ట మీద ట్రాక్టరు ఆపుకుని, తలమీద యూరియా సంచి కప్పుకున్న పెద్దమనిషి కేకేశాడు. ఆ చెరువు కింది రైతు గాలయ్య.

"ఓ బిడ్డా! యాడికి? చెరువు నిండి మత్తడి దుంకుతాంది. కింద కాజ్‌వే నడుమ తెగిపోయింది. పైకి మోకాలు బంటి నీళ్లోలె కనవడతది, దిగితే దొరకరు!"

ఎస్తేరు అక్కడే బురదలో మోకాళ్ల మీద కూర్చుని టెస్ట్ రాసింది. పద్నాలుగు అడుగులు ఇస్తే దారి మూతపడాలి. పాత కోడ్‌తో నడిపితే ఎర్ర గుర్తు. కొత్తదానితో పచ్చ గుర్తు. పంపింది.

విజేందర్ నుంచి జవాబు వెంటనే వచ్చింది. "అప్రూవ్డ్. తప్పు మాదే మేడం. ఒకటి చెప్పాల్నా? నీలికొంగ లైను మీద మొదటి అప్రూవల్ నవనీత గారిది. ఆమెనే గోపన్నను ఒప్పిచ్చింది. హిస్టరీల అంతా ఉన్నది, చూసుకోండ్రి."

ఎస్తేరు చూసింది. ఆమె ఉద్యోగంలో ఎవరేం చేశారో తెలుసుకోవడానికి మనుషులు చచ్చిపోతుంటారు. ఇక్కడ అంతా పేరుతో సహా లోకం ముందు పరిచి ఉంది. లైను వచ్చిన నిమిషంలోనే నవనీత ఆమోదం. కింద గోపీకృష్ణను తొందరపెడుతూ మూడు కామెంట్లు.

బండిలో నవనీత పెదాలకు రంగు దిద్దుకుంటోంది.

"నేను నడుపుత. జరుగు," అంది ఎస్తేరు.

నవనీత భుజాలెగరేసి పక్క సీట్లోకి జరిగింది. బండి కట్ట దిగింది. కాజ్‌వే వైపు తిరిగింది.

"నీ అప్రూవల్ ఒక్కటే మిగిలింది నవనీతా."

"ఇక్కడ నెట్‌వర్క్ లేదే."

"క్యారియర్ల ఉన్నది. కొట్టు."

నవనీత నల్ల కళ్లద్దాలు తీసింది. చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం ఎస్తేరు కణతకు ఆనింది. చల్లగా, గట్టిగా.

"ఒక్కటే గుండు. కానీ ఒక్కటి చాలు. బండి ఆపు."

ఎస్తేరు ఆపలేదు. ముందు చక్రాలు నీళ్లలో పడ్డాయి. ఎర్రటి నీళ్లు. రెండువైపులా కాజ్‌వే అంచు రాతి కడీలు వరుసగా తలలెత్తి ఉన్నాయి. నడుమ ఆ వరుస లేదు. అక్కడ నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

"ఆపు! కాలుస్తాను!"

"కాల్చు. నా కాలు ఆక్సిలరేటర్ మీద ఉన్నది. నేనొరిగితే బండి ముందుకే పోతది. అయినా భయమెందుకు? నువ్వు ఓకే చేసిన బాటనే గదా. నీ మ్యాపుల సేఫ్ అని ఉన్నది."

తలుపు సందుల్లోంచి నీళ్లు లోపలికి వచ్చాయి. జరీ అంచు తడిసింది. బండి కొద్దిగా పక్కకు జారింది.

"నీకు పిచ్చా ఎస్తేరూ! చస్తావు!"

"అవతలి ఒడ్డుకు మా తమ్ముడొస్తుండు. వాడు పోయినంక మా అమ్మకు నేను ఏ ముఖం పెట్టుకుని కనవడాలె? కొట్టు నవనీతా. పాస్‌వర్డ్ నీ తలకాయల ఉన్నది. లేకుంటే అందరం ఒక్క నీళ్లల్లనే."

ఇంకో కడీ దాటింది. ఇంకొకటి. నవనీత సుడి వైపు చూసింది. గురి తప్పకుండానే ఎడమచేత్తో లాప్‌టాప్ లాక్కుని వేళ్లాడించింది. రెండో పచ్చ గుర్తు పడింది. మార్పు మెర్జ్ అయి కోడ్‌లో కలిసింది.

ఎస్తేరు బ్రేక్ తొక్కింది. చక్రాలు నేలను పట్టీ పట్టక ఊగాయి.

"అప్‌డేట్ బిల్డ్ మొదలైంది," నవనీత నవ్వింది. "నాలుగు డొనేషన్లతో నడిచే సర్వరమ్మా ఇది. నీ తమ్ముడంత తొందరగా రాదు. అదిగో, చూడు."

అవతల మలుపులో తుమ్మచెట్ల మధ్య నుంచి వ్యాన్ దిగుతోంది. లైట్లు. వైపర్లు. ఎస్తేరు హారన్ మీద రెండు చేతులూ వేసి నొక్కింది. వాగు హోరులో అది ఆమెకే వినిపించలేదు. వ్యాన్ నిదానమైంది. డానియల్ ఎప్పుడూ అంతే, నీళ్లు చూసి ఆగుతాడు, టాబ్లెట్ చూసి కదులుతాడు. కదిలాడు. ముందు చక్రాలు నీళ్లలోకి దిగాయి.

"ప్రభువా, వాణ్ని ఆపు. ఒక్కసారి ఆపు."

స్క్రీన్ మీద గీత పాకుతోంది. సైన్డ్. ఆ తర్వాతి మాట సెంట్. వ్యాన్ రెండో కడీ దాటింది. మూడోది.

ఆగింది.

ఎంతసేపు ఆగిందో ఎస్తేరుకు తెలియదు. వ్యాన్ వెనక తెల్ల లైటు వెలిగి వానలో మసకగా కనిపించింది. అది వెనక్కి వెళ్లడం మొదలుపెట్టింది. ఒడ్డెక్కింది. తిరిగింది. తుమ్మల మధ్య మాయమైంది.

ఎస్తేరు స్టీరింగ్ మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అదే అదననుకుని నవనీత వేలు బిగించబోయింది. బండి ఒక్కసారిగా వెనక్కి గుంజుకుంది. లిప్‌స్టిక్ గొట్టం పేలింది, గుండు బండి పైకప్పులోంచి పోయింది. ఎస్తేరు ఆమె మణికట్టు ఒడిసిపట్టి తలుపు పిడికి బేడీ వేసింది.

వెనక గాలయ్య ట్రాక్టరు, మోకు. ఒడ్డున ఐదారుగురు రైతులు.

"ఫోన్ల బాట కనవడ్డదని నీళ్లల్ల దిగుడేందమ్మా! కండ్లు పెట్టిండు గదా దేవుడు?" బండి ఒడ్డెక్కేదాకా గాలయ్య తిడుతూనే ఉన్నాడు. "చదువుకున్నోళ్లేనా మీరు? అగో, గామె చేతికి బేడీలేంది?"

"మా ఆఫీసు లొల్లి పెదనాయిన," అంది ఎస్తేరు.

సాయంత్రానికి చీఫ్ కృష్ణయ్య ఫోన్. "కురుమయ్య సాక్ష్యం ఇచ్చాడు. వాగు దిగువన శవాల కోసం కాపు కాసిన ఇద్దరు దొరికారు. నీ తమ్ముడు ఇక్కడే బిర్యానీ తింటున్నాడు. రెండో ప్లేటు." గొంతు గంభీరమైంది. "ఇక విను బత్తాయీ. ఈ ఆపరేషన్ టాప్ సీక్రెట్. ఎక్కడా ఒక్క అక్షరం మిగలకూడదు. ముఖ్యంగా నీ పేరు."

ఎస్తేరు లాప్‌టాప్ వైపు చూసింది.

"సార్, ఆ మార్పు నా పేరుతోనే ఉంది. లోకమంతా చూస్తోంది. తీయడానికి రాదు."

"చూసినవాళ్లెవరు?"

"బ్రెజిల్‌లో ఒకాయన కామెంట్ పెట్టాడు సార్. వాళ్ల ఊరి వాగుక్కూడా ఇలాంటిది ఒకటి చేసిపెట్టమని అడుగుతున్నాడు."