రొట్టె ముట్టని ఆఫీసరు

"తినకపోతే పోయారు, కనీసం వాసనైనా చూడరా?"

నటెలా వెటకారం కుటైసి ఊళ్లోని ఆ వీధి చివరిదాకా వినిపించింది. ఎదురుగా బిక్కమొహంతో నిలబడ్డవాడు రెజో, సంక్షేమ శాఖ ఆఫీసరు.

ఆమె బేకరీలో పనిచేసేవాళ్లెవరికీ చెవులు వినపడవు. ఇన్నాళ్లూ ప్రభుత్వం అలాంటివాళ్లకి పింఛను పడేసి ఇంట్లో కూర్చోమనేది. ఇప్పుడు పద్ధతి మారింది. వాళ్లకి పని చూపించే సంస్థల దగ్గరే బడిపిల్లలకి రొట్టె కొంటామంటోంది. రెజో సరేనంటే ఆ కాంట్రాక్టు నటెలాది. కాదంటే ఈ చలికాలంలోనే పొయ్యి ఆర్పేసుకోవాలి.

"రూల్సండీ. దరఖాస్తు పెట్టినవాళ్ల దగ్గర మంచినీళ్లు కూడా తాగకూడదు."

"గుమ్మంలోకొచ్చిన మనిషి రొట్టె ముట్టకుండా పోవడం ఈ ఊళ్లో ఎక్కడైనా ఉందా? శత్రువు కూడా ఓ ముక్క తుంచుకుంటాడు!"

అప్పుడే పొయ్యిలోంచి తీసిన ఖాచపూరి రొట్టె మీద జున్ను ఇంకా ఉడుకుతోంది. రెజో గుటక మింగాడు. నటెలాకి జాలేసింది, ఒళ్లూ మండింది.

ఆ తరవాత తనిఖీ పేరుతో చాలాసార్లే వచ్చాడు. పిండి చూశాడు, పొయ్యి చూశాడు, మిగతా సమయమంతా నటెలాని చూశాడు. వాన పడితే చేతిలో గొడుగున్నా ఆగిపోయేవాడు. పిండి పిసికే సియాలా అత్త ఓరోజు నవ్వుతూ చేతులతో ఏదో సైగ చేసింది.

"ఏమంటున్నారావిడ?"

"పొయ్యి బాగానే ఉందట. రోజూ చూడక్కర్లేదట."

రెజో చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు అతని బదులు ఇంకో ఆఫీసరమ్మ వచ్చింది. "రెజో మీ ఫైలు తనకొద్దని రాసిచ్చేశాడు," అంది పొడిగా. అతనికి మా పని నచ్చలేదు, అంతే అనుకుంది నటెలా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కానీ ఆ ఆఫీసరమ్మ సరేనంది, కాంట్రాక్టు వచ్చింది! బేకరీ అంతా పిండి ఎగిరింది, చేతులు గాలిలో ఆడాయి. సరిగ్గా అప్పుడే రెజో వానలో తడుస్తూ వచ్చాడు.

"మమ్మల్ని వదిలేసి పారిపోయిన పెద్దమనిషికి ఇప్పుడేం పని?"

"పారిపోలేదండీ. సొంతవాళ్ల మీద ఆఫీసరు రిపోర్టు రాయకూడదు. అదీ రూలే."

"మేం మీకు సొంతవాళ్లం ఎప్పుడయ్యాం?"

"మీరింకా కాలేదు. నేనే అయిపోయాను. మీరంటే ఇష్టం నటెలా, చాలా ఇష్టం. అంత ఇష్టం పెట్టుకుని న్యాయంగా ఎలా రాయను?"

నటెలాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెదాలు చూసి మాట పట్టే సియాలా అత్త అప్పటికే అందరికీ చేతులతో కథంతా చెప్పేస్తోంది.

"ఆవిడ ఏమంటున్నారు?" అన్నాడు రెజో భయంభయంగా.

"నేను సరేనన్నానట," అంది నటెలా, అతని తడి కోటు పట్టుకుని లోపలికి లాగుతూ. "ఆవిడ చెప్పింది నిజమే."